బయాస్ చుట్లు ప్రైమరీ పక్కనా, సెకండరీ పక్కనా?

గుంటూరు చుట్టుపక్కల మిర్చికి మందు కొట్టే రోజులొస్తే నా బల్ల నిండా స్ప్రేయర్ బ్యాటరీ చార్జర్లే. వాటితో పాటు తోటి మెకానిక్‌ల నుంచి ఎప్పుడూ ఒకటే ప్రశ్న: 3842 ఐసీ (చార్జర్‌ను నడిపే కంట్రోల్ చిప్) ఉన్న చార్జర్‌లో ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ తిరిగి చుట్టేటప్పుడు బయాస్, అంటే ఆ ఐసీకి కరెంటు ఇచ్చే చిన్న చుట్ట, ఎక్కడ వేయాలి?

ప్రైమరీ (మెయిన్స్ కరెంటు వైపు చుట్లు) మీదే బయాస్ వేసి, ఆపైన సెకండరీ (బ్యాటరీ వైపు చుట్లు) వేస్తే పని సుఖం. ప్రైమరీ, బయాస్ రెండూ కరెంటు వైపువే కనుక మధ్యలో ఒక పొర టేపు చాలు. షాక్ కొట్టకుండా అడ్డుగా వేసే మూడు పొరల టేపు సెకండరీ కింద ఒక్కచోటే పడుతుంది. నేనూ చాలాకాలం అలాగే చుట్టాను.

పోయినేడు అలా చుట్టిచ్చిన చార్జరొకటి వారంలోనే తిరిగొచ్చింది. రైతు జాక్ పిన్ను కోసేసి మొసలి క్లిప్పులు తగిలించుకున్నాడు, అవి రెండూ ఒకదానికొకటి అంటుకున్నాయి. సెకండరీ డయోడ్ షార్టు, దాని కింద బోర్డు బొగ్గు. కొత్త డయోడ్ వేసి, అవుట్‌పుట్ కావాలనే షార్టు చేసి వీసీసీ (బయాస్ నుంచి ఐసీకి అందే వోల్టేజీ) చూశాను. 17 వోల్టులు! అవుట్‌పుట్ సున్నా అయినా ప్రైమరీ లీకేజీ స్పైకు (సెకండరీకి చేరకుండా మిగిలిన శక్తి వల్ల ఎగిసే వోల్టేజీ) బయాస్‌లోకి దూకి ఐసీని బతికిస్తోంది. పాపం ఐసీకి షార్టు సంగతే తెలియదు.

అదే బయాస్‌ను సెకండరీ మీద వేస్తే, అది సెకండరీని అంటిపెట్టుకుని నడుస్తుంది కనుక అవుట్‌పుట్ పడగానే వీసీసీ కూడా పడుతుంది. 10 కిందికి దిగితే ఐసీ ఆగుతుంది, మళ్లీ 16కి ఎక్కి లేస్తుంది. టిక్, టిక్, టిక్. ఏమీ కాలదు. నా ఓటు దీనికే. కాకపోతే సెకండరీకీ బయాస్‌కీ మధ్య కూడా మూడు పొరల టేపు తప్పదు, అక్కడ కక్కుర్తి పడితే ప్రాణం మీదకొస్తుంది.

ఇందులో ఒక తిరకాసుంది. సెకండరీ 10 చుట్లు, 14.4 వోల్టులు అనుకుందాం. బయాస్ కూడా 10 వేస్తే, పూర్తిగా దిగిపోయి 10.5 దగ్గరున్న బ్యాటరీ పెట్టినప్పుడు వీసీసీ కూడా 10.5కే వస్తుంది, ఐసీ ఆగే హద్దుకు అంచునే; కాస్త ఊగినా దాని కిందికి జారుతుంది. మంచి బ్యాటరీకి కూడా టిక్‌టిక్ మొదలవుతుంది. 13 చుట్లు వేస్తే అక్కడ దాదాపు 14, ఫుల్ చార్జ్ దగ్గర 19 వస్తాయి. ఐసీ హద్దు 30 కనుక భయం లేదు. అవుట్‌పుట్ 7.5 కిందికి పోతేనే ఆగుతుంది.

సగం ప్రైమరీ, సెకండరీ, మిగతా సగం ప్రైమరీగా వేసే సాండ్‌విచ్‌తో లీకేజీ బాగా తగ్గుతుంది, మాస్‌ఫెట్ (ప్రైమరీని ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్) చల్లగా ఉంటుంది. పెద్ద సప్లైలకు మంచిదే. పాతిక వాట్ల చార్జర్‌కు అంత శ్రమ దండగ. ఇక బయాస్‌ను ఫార్వర్డ్ దిశలో, అంటే మాస్‌ఫెట్ ఆన్‌లో ఉన్నప్పుడే వోల్టేజీ ఇచ్చేలా, కలపడం గురించి అడగనే అడగొద్దు, ఊళ్లో కరెంటు ఎలా ఊగితే వీసీసీ అలా ఊగుతుంది.

విప్పి చుట్టే ఓపిక లేకపోతే బయాస్ డయోడ్‌కు సిరీస్‌లో 10 నుంచి 22 ఓమ్‌ల రెసిస్టర్ వేయండి, స్పైకు కొంత అణుగుతుంది. చుట్టేవాళ్లు మాత్రం ఆ 13 చుట్లనూ ఓ మూల కుప్పేయకుండా బాబిన్ (చుట్లు చుట్టే ప్లాస్టిక్ రీలు) వెడల్పంతా ఎడమెడంగా పరవండి. కుప్పేస్తే సెకండరీ మీద వేసిన లాభం సగం పోతుంది.

ఆ రైతు చార్జర్‌ను ఇలాగే మార్చి ఇచ్చాను. క్లిప్పులు మాత్రం తీయనివ్వలేదు.