టేకు గుమ్మమా, పనస స్తంభమా: గిటారుకి ఏది మేలు?

విజయవాడ వన్‌టౌన్‌లో పాత ఇల్లు విప్పుతున్నారంటే ముందు వాలేది కలప అడితి వాళ్ళు, వాళ్ళ వెనకాలే నేను. ఇప్పటికి రెండు ఎలక్ట్రిక్ గిటార్లు పాత కర్రతోనే చేసుకున్నా, ఒకటి మొత్తం గుమ్మం టేకుతో, రెండోదానికి బాడీ పనస. చూసినోళ్ళందరూ ఏది బాగా మోగుద్దని అడుగుతారు, భుజం ఎలా ఉందని ఒక్కరూ అడగరు. ఎలక్ట్రిక్‌లో సౌండ్ ఎక్కువ భాగం పికప్పులు (తీగల కదలికని పట్టుకునే అయస్కాంతాలు), తీగలు, ఆంప్ చూసుకుంటాయి, గంటసేపు దాన్ని తగిలించుకుని నిలబడాల్సింది మాత్రం మనమే కదా.

టేకుతో మొదలెడతా. పాత గుమ్మాలు మామూలుగా 5×3 అంగుళాల సైజు, మూడు ముక్కలు పక్కపక్కన అతికిస్తే గిటార్ బాడీకి కావాల్సిన 13 అంగుళాల వెడల్పు వచ్చేస్తుంది. దశాబ్దాలు ఎండిన చేవ, మన మే నెల ఎండకీ ఆగస్టు చెమ్మకీ ఇక కొత్తగా వంగేదేం ఉండదు. కానీ తిప్పలు మూడు. ఒకటి మేకులు, స్పీకర్ అయస్కాంతంతో అంతా తడిమి చూశాననుకున్నా, సామిల్లులో సగం కోశాక లోపల విరిగిపోయిన మేకు ఒకటి తగిలి బ్లేడు పళ్ళు ఎగిరిపోయాయి, ఆ బ్లేడు డబ్బులు నాతోనే కట్టించారు, న్యాయమే అనుకోండి. రెండు, టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు అప్పటికప్పుడు చిత్రిక పట్టి అసిటోన్‌తో తుడవాలి, లేకపోతే జాయింటు ఎప్పుడో ఊడొస్తుంది. మూడు బరువు. నా మొదటి గిటారు నాలుగున్నర కిలోలు తూగింది, లోపల తొలిచి తేలిక చేద్దామంటే టేకులో ఉండే సిలికాకి రౌటర్ (కర్ర తొలిచే మిషను) బిట్లు ఊరికే మొద్దుబారిపోతాయి, విసుగొచ్చి అలాగే వదిలేశా.

పనస ఎలా దొరికిందంటే, నూజివీడు దగ్గర మా పెద్దమ్మ వాళ్ళ పెంకుటిల్లు విప్పినప్పుడు వసారా స్తంభం ఒకటి పొయ్యిలోకి పోబోతుంటే తెచ్చుకున్నా. నూజివీడంటేనే వీణలు, ఆ వీణలు చేసేది పనసతోనే, మృదంగానికీ ఎక్కువగా అదే, అలాంటిది గిటారుకి ఎందుకు పనికిరాదు అనిపించింది. తూకంలో టేకు కంటే మరీ తేలికేం కాదు, అసలు సుఖం ఏంటంటే ఉలికి లొంగుతుంది. ఒకే దుంగతో చేసే ఏకాండి వీణలో కుండ తొలిచినట్టే నేనూ బాడీ లోపల రెండు గదులు తొలిచేసి పైన పల్చటి పలక అతికించా, గిటారు మొత్తం మూడు కిలోల మూడొందలకి దిగింది. పొట్ట తగిలే చోట లోతుగా, మోచెయ్యి ఆనేచోట ఏటవాలుగా చెక్కడం (ఫెండర్ వాళ్ళు 1954లో స్ట్రాటోకాస్టర్‌కి చేసింది ఇదే) ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. అయితే స్తంభం అడుగుభాగం చెద తిని ఉంటుంది, ఒక అడుగు కోసి పారేయాల్సిందే, పసుపుపచ్చ చేవ తప్ప అంచున ఉండే తెల్లదాన్ని వాడొద్దు, పురుగు పట్టేది ముందు దానికే.

నెక్ (ఎడమచెయ్యి పట్టుకునే పొడుగు కర్ర) దగ్గరకొస్తే మాత్రం నేను మళ్ళీ టేకు పార్టీనే. మూడు పట్టీలు, మధ్య పట్టీ నార ఎదురు దిశలో తిప్పి అతికించి లోపల ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే ఇనుప కడ్డీ) పెట్టా, ఏడాదిలో ఒక్కసారే తిప్పాల్సొచ్చింది. పైన లక్కర్ కొట్టకుండా అవిసె నూనె రుద్ది వదిలేశా. బెజవాడ చెమటకి లక్కర్ నెక్ మీద చెయ్యి అంటుకుపోతుందండీ, ఇది జారుతుంది. స్కేల్ (మోగే తీగ పొడవు) కూడా 25.5 అంగుళాలు కాకుండా 24.75 పెట్టుకున్నా, తీగలు కాస్త మెత్తగా ఉంటాయి, చిటికెన వేలు అందుతుంది. ఫ్రెట్‌బోర్డు (వేళ్ళతో తీగలు నొక్కే పలక) పాత రోజ్‌వుడ్ పందిరిమంచం పట్టె. ఒక జాగ్రత్త, బాడీ మరీ తేలికైపోతే గిటారు తల కిందకి వాలిపోతుంది, కాబట్టి తేలిక ట్యూనర్లు (తీగ బిగించే మరలు) వేసి బాడీ పైకొమ్ముని పన్నెండో ఫ్రెట్ దాకా సాగదీయండి.

మిగతావి అడుగుతారేమో. వేప దూలం దొరుకుతుంది కానీ నార అటూ ఇటూ అల్లుకుని చిత్రికకి పెచ్చులు లేస్తుంది. నల్లతుమ్మ బండి చక్రాలకి మంచిది, అక్కడే ఉండనివ్వండి. కొండపల్లి బొమ్మల పొణికి బాగా మెత్తన, బ్రిడ్జి స్క్రూలు నిలవవు.

పుచ్చు కన్నాలు చూసి భయపడక్కర్లేదు. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే వాళ్ళ నాన్నతో కలిసి 1963లో మొదలెట్టిన గిటారుకి నెక్ పాత ఫైర్‌ప్లేస్ చెక్కే, అందులో పురుగు కన్నాలు అగ్గిపుల్లలతో పూడ్చి దశాబ్దాలుగా దాన్నే వాయిస్తున్నాడు.

నా స్తంభంలో ఇంకో నాలుగడుగులు మిగిలింది. బాబాయి పీటలు చేయించుకుంటానంటున్నాడు, నేనైతే ఇవ్వట్లేదు.