సెనెకా సరస్సు గట్టున రీస్లింగ్: ఎక్కడ తాగాలి, ఎక్కడ జేబు జాగ్రత్త

మేము ఐదుగురం ఒక పేరుమోసిన వైనరీలో (వైన్ తయారుచేసి, అక్కడే రుచి చూపించి అమ్మే చోటు) ముప్పావుగంట కూర్చుని లేచేసరికి బిల్లు 126 డాలర్ల 72 సెంట్లు అయింది. అందులో ఇద్దరు వైన్ చుక్క కూడా ముట్టలేదు. తాగిన ముగ్గురికి తలా 25 డాలర్లు సరే. మా అత్తగారికీ, కారు నడపాలి కాబట్టి గ్లాసు పట్టని మా తోడల్లుడికీ తలా 12 డాలర్ల చొప్పున 'సీటు రుసుము' వేశారు. ఆ మొత్తం మీద మమ్మల్ని అడగకుండానే 20 శాతం సర్వీసు చార్జీ కలిపి, పన్ను వేరుగా తగిలించారు. బుకింగు చేసినప్పుడు ఈ రుసుము సంగతి ఎక్కడా లేదు. అడిగితే, కోతకాలం వారాంతాల్లో కుర్చీకి కూడా ధర ఉంటుందని, ఆ మాట గోడ మీద రాసే ఉందని చెప్పారు. రాసిన మాట నిజమే, కానీ అది కనిపించేది బయటికి వెళ్ళే తలుపు పక్కన.

న్యూజెర్సీ నుంచి సెనెకా సరస్సు ఉన్న న్యూయార్క్ రాష్ట్రపు ఫింగర్ లేక్స్ ప్రాంతానికి కారులో నాలుగున్నర గంటలు పడుతుంది. ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు చాలామంది ఆకురాలు కాలంలో వాట్కిన్స్ గ్లెన్ జలపాతాలు చూసి, దారిలో ఏదో ఒక వైనరీ ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. మేము మాత్రం ఈసారి వైన్ కోసమే వెళ్ళాం. జలపాతాల కొండచీలిక బాగుంది, మెట్లు తడిగా ఉన్నాయి, మా మరదలు చెప్పులు మార్చుకుంది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

అంత చలిదేశంలో ద్రాక్ష ఎలా బతుకుతుందన్న సందేహం సహజమే. హిమానీనదాలు తవ్విపోసిన ఈ సరస్సులు సన్నగా, పొడుగ్గా, చాలా లోతుగా ఉంటాయి. సెనెకా సరస్సు లోతు 618 అడుగులు. అంత నీరు వేసవి వేడిని దాచుకుని చలికాలమంతా కొంచెం కొంచెంగా వదులుతుంది కాబట్టి గట్టు మీది తీగలు మాడిపోవు. వసంతంలో అదే నీరు చల్లగా ఉండి మొగ్గలు తొందరపడి విచ్చకుండా ఆపుతుంది. ఏటవాలు నేల మీద చల్లగాలి నిలవకుండా కిందికి జారిపోతుంది. ఇంత రక్షణ ఉన్నా 2023 మే 18 తెల్లవారుజామున పడిన మంచు, ముఖ్యంగా నీటికి దూరంగా ఉన్న తోటల్లో, లేత చిగుళ్ళను కాల్చేసింది. 2023 సీసాలు కొన్నిచోట్ల లేకపోవడానికి కారణం అదే.

ఆ 126 డాలర్ల హాలు సరస్సు వైపు మొత్తం అద్దాల గోడతో, పెళ్ళిమండపం అంత విశాలంగా ఉంది. బస్సుల్లో దిగుతున్న పెళ్ళికూతుళ్ళ స్నేహితురాళ్ళ గుంపులకు వైన్‌తో చేసిన ఐసు షర్బతు ప్లాస్టిక్ గ్లాసుల్లో పోస్తున్నారు. మాకు పోసిన రీస్లింగ్ అనే తెల్లవైన్ ఎంత చల్లగా ఉందంటే, దానికి వాసన అంటూ ఒకటి ఉందో లేదో తెలుసుకోవడానికి గ్లాసును రెండు చేతులతో పట్టుకుని వేడి చేయవలసి వచ్చింది. ఇది ఏ సంవత్సరం పంట అని అడిగితే, పోస్తున్న కుర్రాడు సీసా తిప్పి లేబులు చదివి చెప్పాడు. ఈలోగా మా అత్తగారు సంచిలోంచి చేగోడీల డబ్బా తీశారు. బయటి తిండి నిషేధమని, డబ్బా వెంటనే లోపల పెట్టమని ఒకావిడ వచ్చి, చుట్టుపక్కల బల్లల వాళ్ళంతా తలలు తిప్పేంత గట్టిగా చెప్పింది. వాళ్ళు అమ్మే జున్ను పళ్ళెం 28 డాలర్లు. అత్తగారు డబ్బా మూసి, ఆ తరువాత అక్కడ ఉన్నంతసేపూ మాట్లాడలేదు. తోడల్లుడు మాత్రం ఆ 12 డాలర్ల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు, మరునాడు కూడా.

నిజానికి మేము వెళ్ళిన అసలు కారణం సరస్సు తూర్పు గట్టు. హెక్టర్, లోడి ఊళ్ళ మధ్య 414 నంబరు రోడ్డు పక్కన ఉన్న ఈ పట్టీని అక్కడివాళ్ళు సరదాగా 'అరటి పట్టీ' అంటారు. అరటి ఏమీ పండదు, సాయంత్రపు ఎండ ఎక్కువసేపు పడి మిగతా గట్టుకంటే వెచ్చగా ఉంటుందని అలా అంటారు. ఈ రోడ్డు మీద పెద్ద బోర్డులున్నవన్నీ వదిలేసి, కంకరదారి ఎక్కితే తప్ప కనిపించని ఒక చిన్న తోటకు ముందుగా ఫోను చేసి వెళ్ళాం. భార్యాభర్తలిద్దరే నడుపుతున్నారు, పేరు రాయవద్దని ఆవిడే అడిగింది, వచ్చేవాళ్ళు పెరిగితే పోయడానికి మనుషులు లేరట. అద్దాల గోడ లేదు, సరస్సు కూడా సగమే కనిపిస్తుంది. తాగేవాళ్ళకు తలా 15 డాలర్లు, మూడు సీసాలు కొంటే అదీ లేదు. తాగనివాళ్ళకు డబ్బు లేకపోగా, కాంకర్డ్ ద్రాక్ష రసం చల్లగా రెండు గ్లాసులు తెచ్చిచ్చారు.

ఆయన మొదట తోటలోకి తీసుకువెళ్ళాడు, అక్కడ ఆట మొత్తం మా అత్తగారి చేతిలోకి పోయింది. ఆమె పుట్టిల్లు మేడ్చల్ దగ్గర. హైదరాబాదు చుట్టూ అనాబెషాహీ ద్రాక్ష తోటలు వెలిగిపోయిన రోజుల్లో వాళ్ళకూ ఒక పందిరి తోట ఉండేది. ఆమె నేరుగా ఒక మొదలు దగ్గర కూర్చుని, నేలకు జానెడు ఎత్తులో ఉన్న బుడిపెను వేలితో తడిమి, "గీడ అంటు కట్టిండ్రా?" అని అడిగింది. నేను చెప్పేలోపే ఆయనకు ఆ సైగ అర్థమైంది. వేరుపురుగును తట్టుకునే అమెరికా వేరు మీద యూరప్ ద్రాక్ష కొమ్మను అంటుకడతారు. కోత అయ్యాక ఆ అంటు మీదికి రెండువైపులనుంచీ మట్టి దున్ని కప్పేస్తారు. చలికి పైకొమ్మలు చచ్చినా, మట్టి కింద బతికిన భాగం నుంచి మళ్ళీ తీగ లేపుకోవచ్చు. వసంతంలో ఆ మట్టినంతా తీసేయాలి. ఎకరానికి ఎంత దిగుబడి అని ఆమె అడిగితే మూడు టన్నులని చెప్పాడు. ఆమె నావైపు తిరిగి, "మూడు టన్నులకేనా గింత తిప్పలు?" అంది. ఆమె లెక్కలో పది టన్నులు దాటని తోట తోటే కాదు. నేను దీన్ని కొంచెం మెత్తగా మార్చి ఇంగ్లీషులో చెప్పాను, ఆయన తన బ్యాంకు మేనేజరు కూడా అదే అంటాడని నవ్వాడు.

తరువాత కూర్చోబెట్టి, ఒకే మడిలో పండిన రెండు రీస్లింగులను పక్కపక్కన పోశాడు. 2020 ఇక్కడ ఎండా, పొడీ ఉన్న సంవత్సరం. 2021 తడిసిన సంవత్సరం. 2020లో బాగా మాగిన పీచ్ పండు, కొంచెం తేనె, వాటి వెనక సన్నగా కిరోసిన్ వాసన వచ్చాయి. ఈ కిరోసిన్ మాట విని ఎవరూ కంగారు పడనక్కరలేదు. ఎండ బాగా తగిలిన రీస్లింగ్ పళ్ళలో పుట్టి, సీసాలో వయసు పెరిగే కొద్దీ బయటపడే గుణం అది, కొందరు దానికోసమే కొంటారు. 2021 పూర్తిగా వేరే మనిషి: నిమ్మతొక్క, పచ్చి యాపిలు, దవడలు పట్టేసే పులుపు, మింగిన తరువాత చాలాసేపు ఉండే ఒక ఉప్పదనం. మా ఆవిడ 2020 వైపు, నేను 2021 వైపు నిలబడ్డాం, ఇప్పటికీ రాజీ కుదరలేదు. రెండూ 23 డాలర్లే.

మూడోది కొంచెం తీపి మిగిల్చిన రీస్లింగ్, 21 డాలర్లు. లీటరుకు 20 గ్రాముల చక్కెర ఉందని చెప్పినా, పులుపు అంత బలంగా ఉండడం వల్ల నాలుకకు అందులో సగమే తెలుస్తుంది. ఇది పోస్తున్నప్పుడు తోట నడిపే ఆవిడే అత్తగారి సంచిలోంచి వస్తున్న వాము వాసన ఏమిటని అడిగింది. డబ్బా బయటికి వచ్చింది. ఆ చేగోడీల కారానికి, నూనెకు ఈ వైన్ కుదిరినట్టు ఆ 28 డాలర్ల జున్ను దేనికీ కుదరదు. వైన్‌లోని చల్లని తీపి కారాన్ని తగ్గిస్తే, పులుపు నోట్లోని నూనెను కడిగేస్తుంది. ఆ రాత్రి మోటెల్ గదిలో పులిహోరతో, ఆవకాయ ముద్దతో అదే సీసా మళ్ళీ తాగి చూశాం. ఆవకాయ దగ్గర కొంచెం తడబడింది, పులిహోరతో మాత్రం తిరుగులేదు. మన తిండికి ఎర్రవైనే గొప్పదని పట్టుబట్టేవాళ్ళు ఒకసారి ఈ ప్రయోగం చేయాలి. మద్యం శాతం, వగరు ఎక్కువున్న ఎర్రవైన్ కారాన్ని మండిస్తుంది తప్ప తగ్గించదు.

ఎర్రవాటిలో కాబెర్నే ఫ్రాంక్ 34 డాలర్లు, నా దృష్టిలో ఎక్కువ ధర. చలి ప్రదేశాల్లో పూర్తిగా మాగని ఈ ద్రాక్షకు పచ్చి క్యాప్సికమ్ వాసన వస్తుంది, అది ఇందులో పండు వాసనను మింగేసింది. 24 డాలర్ల లెంబర్గర్ నయం: పలచటి ఒళ్ళు, మిరియాల ఘాటు, కొంచెం చల్లబరిచి తాగితే మాంసం వేపుడుకు సరిపోతుంది.

మరునాడు పక్కనున్న క్యూకా సరస్సు మీది హామండ్స్‌పోర్ట్‌కు వెళ్ళాం. యూరప్ ద్రాక్ష ఇక్కడి చలికి బతకదని అందరూ నమ్మిన రోజుల్లో, యుక్రెయిన్ నుంచి వలస వచ్చిన కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ సరైన వేరు మీద అంటుకడితే బతుకుతుందని వాదించి, 1962లో సొంత వైనరీ పెట్టి నిరూపించాడు. 1976లో రాష్ట్రం ఫార్మ్ వైనరీ చట్టం తెచ్చి చిన్న రైతులు నేరుగా అమ్ముకోవడానికి దారి తెరిచాక ఈ గట్ల మీద వైనరీలు మొలిచాయి. ఫ్రాంక్ పేరుతో నడుస్తున్న చోట జార్జియా దేశపు ద్రాక్ష ర్కాట్సిటెలి తప్పక అడగండి. తెల్లపూలు, బత్తాయి, గట్టి పులుపు కలిసిన ఆ రుచి రీస్లింగ్ తాగి తాగి అలసిన నోటికి మార్పు. అది చిన్నతోట కాదు, జనం ఉంటారు, అయినా పోసేవాళ్ళకు విషయం తెలుసు.

మోటెల్ గది 164 డాలర్లు, పన్ను వేరు. శుభ్రంగా ఉంది, హీటరు రాత్రంతా గొణిగింది. సరస్సు కనిపించే గదులకు అక్టోబరులో 300 పైనే అడిగారు. ఏడింటికల్లా చీకటి పడి, పగలంతా బయటే తిరిగే చోట ఆ డబ్బు దండగ.

ఇక కొనడం గురించి. చాలా సీసాల వెనక పొడి (తీపి లేనిది) నుంచి తీపి దాకా ఒక గీత, దాని మీద బాణం గుర్తు ఉంటాయి. రీస్లింగ్ కొనేటప్పుడు అమ్మేవాళ్ళ మాటకంటే ముందు ఆ గుర్తు చూడండి. ఐస్ వైన్ అని లేబులు మీద రాయాలంటే ద్రాక్ష తీగ మీదే గడ్డకట్టి ఉండాలి. కోసి ఫ్రీజరులో పెట్టినదానికి ఆ పేరు పెట్టకూడదు కాబట్టి దాన్ని పోలిన ఇంకేదో పేరు పెడతారు. అరసీసా 60 డాలర్లు ఇచ్చే ముందు ఆ తేడా చదువుకోవాలి. శనివారం మధ్యాహ్నాలు వదిలేసి శుక్రవారమో ఆదివారం ఉదయమో వెళ్ళండి. రోజుకు మూడు చోట్లకు మించితే నాలుక మొద్దుబారుతుంది. తాగని మనిషికి ఎంత తీసుకుంటారో, సర్వీసు చార్జీ ముందే కలుపుతారో లేదో ఫోనులోనే అడగండి. నసిగితే ఇంకో చోటికి ఫోను చేయండి.

చిన్నతోటలో ఆరు సీసాలకు 10 శాతం, పన్నెండుకు 15 శాతం తగ్గించారు. మేము పన్నెండు తీసుకున్నాం: తీపి రీస్లింగ్ ఆరు, 2021 మూడు, 2020 రెండు, లెంబర్గర్ ఒకటి. ఈ పంపకంలో తనకు అన్యాయం జరిగిందని మా ఆవిడ అభిప్రాయం. డిసెంబరులో అత్తగారు తిరిగి హైదరాబాదు వెళ్ళేటప్పుడు రెండు తీపి సీసాలు ఆమె పెట్టెలో మా బావమరిది కోసం వెళతాయి. ఒక్కొక్కరికి రెండు లీటర్ల దాకా సుంకం లేదు కాబట్టి ఈ ఒకటిన్నర లీటరుకు ఇబ్బంది లేదు, బట్టల మధ్య గట్టిగా చుట్టి చెక్-ఇన్ సామానులో వేయాలి.