ఆరేళ్ళుగా వాడుతున్న పొడి మరుగుదొడ్డి: మంచిదే గానీ, ముందు ఆ పైపు సంగతి వినండి

మూత్రం ముందు గుంటలోంచి క్యాన్‌లోకి, మలం వెనక గదిలోకి విడివిడిగా పోయే ఎకోశాన్ అనే పొడి దొడ్డి ఎలా ఉంటుందో మళ్ళీ మొదట్నుంచి చెప్పను. మలానికి రెండు గదులు పెట్టి, ఒకటి మూసి ఉంచి రెండోది వాడుకునే ఈ పద్ధతి కొత్తదేం కాదు, 1950ల్లోనే వియత్నాం పల్లెల్లో కట్టారు. మాకు నేల కింద అంతా బండ, డ్రైనేజీ లైను రాదు, నీళ్ళకి ఎప్పుడూ కటకటే, అందుకే కట్టించుకున్నాం. ఇంట్లో అయిదుగురం.

మొదటి ఏడాది నేను దీనికి చేసిన ప్రచారం అంతా ఇంతా కాదు. వాసన రాదు, ఈగలు లేవు, రెండు గుప్పిళ్ళ బూడిద చల్లితే పనైపోయినట్టే అని కనపడ్డవాళ్ళకల్లా చెప్పా. ఇప్పుడు కొంచెం సవరించుకుంటున్నా. వాసన రాదు, పైపు బాగున్నన్నాళ్ళూ.

పైపంటే మూత్రం పోయే పైపు. నా కోపమంతా దాని మీదే. కట్టినాయన మూత్రమే కదా ఎంత పోతుందిలే అనుకుని సన్నగా అంగుళం పైపు వేసి, గోడవారగా రావాలని రెండు ఎల్బోలు (వంపు ముక్కలు) పెట్టి, మధ్యలో దాన్ని దాదాపు పడుకోబెట్టేశాడు. అప్పుడు మనకేం తెలుసు, నీట్‌గా ఉందని మెచ్చుకున్నా కూడా.

మూడో ఏడు ముందు గుంటలో మూత్రం నిలబడటం మొదలైంది. నెమ్మదిగా దిగేది. పిల్లలు ఏదో పడేశారని వాళ్ళని తిట్టి, రోజూ ఒక చెంబుడు బోరు నీళ్ళు పోసేవాణ్ణి. అదే నేను చేసిన పెద్ద తప్పని తర్వాత తెలిసింది. ఒకరోజు పొద్దున్నే మా ఆవిడ పిలిస్తే వెళ్ళి చూశా, మూత్రం గుంట నిండి, గట్టు దాటి, వెనక మలం గదిలోకి పారుతోంది. ఈ దొడ్డి ప్రాణమంతా ఆ గది పొడిగా ఉండటంలోనే ఉంది కదండీ, అది తడిస్తే ఇంకేముంది, నాలుగు రోజుల్లో పురుగులు, ఈగలు, కళ్ళు మండే కంపు. మూడేళ్ళు నేను చెప్పుకున్న గొప్పలన్నీ ఆ వారంలో పోయాయి.

బ్లీచింగ్ పోసేద్దామని డబ్బా తీశా, మా అమ్మాయి లాక్కుంది. మూత్రంలో అమ్మోనియా ఉంటుంది, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది నాన్నా అని. బతికించింది. చివరికి రంపంతో ఎల్బో కోసి చూస్తే లోపల పెన్సిల్ దూరేంత కంత మాత్రమే మిగిలింది, చుట్టూరా పళ్ళ గారలాంటి పసుపు తెలుపు రాయి, మధ్యలో వెంట్రుకలు చుట్టుకుని. మూత్రంలో యూరియాని బ్యాక్టీరియా అమ్మోనియాగా మార్చేస్తుంది, దాంతో క్షారగుణం పెరిగి పీహెచ్ 9 దాకా పోతుంది, అప్పుడు మెగ్నీషియం, కాల్షియం, ఫాస్ఫేటు కరిగి ఉండలేక గడ్డకట్టి గోడలకి పట్టేస్తాయి. బిందెకి గార పట్టే బోరు నీళ్ళు పోస్తే ఇంకా కాల్షియం, మెగ్నీషియం మనమే తెచ్చి ఇచ్చినట్టు. అంటే రోజూ నేను చేసిన సేవ అదన్నమాట.

ఇప్పుడు రెండంగుళాల పైపు, మంచి వాలు, ఎల్బోలు లేకుండా తిన్నగా క్యాన్‌లోకి, కొస క్యాన్ అడుగుదాకా దిగేలా పెట్టుకున్నాం. అలా పెడితే అమ్మోనియా తక్కువ పోతుంది, కంపు వస్తోందంటే మొక్కలకి పోవాల్సిన నత్రజని గాల్లో కలుస్తోందని లెక్క. నెలకోసారి కాస్త వెనిగర్ పోసి రాత్రంతా వదిలేస్తా. మూడేళ్ళుగా మళ్ళీ మూసుకుపోలేదు, ఇలా రాశాక రేపే మూసుకుపోతుందేమో.

తడిసిన గదిని బోలెడు బూడిద వేసి మూసేసి రోజుల లెక్క మళ్ళీ మొదలుపెట్టాం. 2006 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం 20 డిగ్రీల పైన ఉండే చోట మలాన్ని ఏడాదికి పైగా అలా ఉంచాలి, అందులో ఉండే ఏలికపాము గుడ్లు అంత మొండివి. నేను భయానికి రెండేళ్ళు ఉంచా. తెరిస్తే చీకిన మట్టిలా ఉంది, పార అంటుకోలేదు, అయినా గ్లవుజులు లేకుండా ముట్టుకోను.

మూత్రం విషయంలో మాత్రం ఫిర్యాదు లేదు. మనిషికి ఏడాదికి 500 లీటర్ల దాకా వస్తుంది, మన ఒంట్లోంచి పోయే నత్రజనిలో ఎక్కువ భాగం అందులోనే. నీళ్ళు కలిపి మొదళ్ళ దగ్గర చిన్న కాలవ తీసి పోసి మట్టి కప్పేస్తా, ఆకుల మీద పడనివ్వను, కోతకి నెల ముందు ఆపేస్తా. మా ఇంటి మూత్రం మా ఇంటి మొక్కలకే కాబట్టి నిలవ ఉంచను, నాలుగిళ్ళది కలిపి వాడేవాళ్ళయితే నెలల తరబడి నిలవ ఉంచాల్సిందే.

మరి కట్టించుకోమంటావా అంటే, మాకు పెరడుంది, క్యాన్ మోసే ఓపిక నాకింకా ఉంది, బూడిదకి కొదవ లేదు. అద్దెకుండేవాళ్ళకి, ఇంటికి వచ్చేపోయే జనం ఎక్కువున్నవాళ్ళకి నేను చెప్పను. కడుక్కునే నీళ్ళకి పక్కన వేరే చోటుందని ప్రతి చుట్టానికీ చెప్పాలి, చెప్పినా మర్చిపోతారు. నడుం పడిపోయాక నేనే ఏమంటానో తెలీదు.

కోసిన ఎల్బో ఇంకా దాచా. కట్టించుకుంటామని అడగడానికి వచ్చినవాళ్ళకి ముందు అది చూపిస్తా. మొన్నొకాయన చేతిలో పెడితే ముక్కు మూసుకున్నాడు, కడిగానండీ బాబూ అన్నా వినలేదు.