నడుంలో మూడు ఇంజెక్షన్లు, నాలుగేళ్ల అనుభవం

మాది కిరాణా కొట్టు. 25 కిలోల బియ్యం బస్తాలు ఎత్తీ దించీ నడుం పాడుచేసుకున్నాను. ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుంలోని నాలుగు, ఐదు పూసల మధ్య, మెత్తటి దిండులాంటి డిస్క్ ఉబ్బి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో తేలింది. దగ్గినా తుమ్మినా పిర్ర నుంచి పిక్క దాకా జివ్వుమనేది. మాత్రలు, బెల్టు, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాక ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షన్ అన్నారు. వెన్నులో సూది అనేసరికి గుండె జారింది.

అనుకున్నంత లేదు. బోర్లా పడుకోబెట్టి, చర్మానికి మత్తిచ్చి, సీ-ఆర్మ్ ఎక్స్‌రేలో చూస్తూ సూది దించారు. రంగు మందు ఎక్కించి, సూది సరైన చోటే ఉందని చూసుకున్నాకే అసలు మందు. సాయంత్రానికి ఇంట్లో ఉన్నాను. మూడు రోజులు ఏ మార్పూ లేక డబ్బులు దండగ అనుకున్నా. నాలుగో రోజు పొద్దున మంచం దిగి బాత్రూంకి వెళ్లొచ్చాక గానీ తట్టలేదు, కాలు లాగలేదని!

ఐదు నెలలు హాయి. రెండోది ఏడు వారాలే పనిచేసింది. మూడోసారి కాలు నొప్పి లేదు, ఉత్త నడుం నొప్పికే వేయించుకున్నాను. ఇంచుమించు వృథా. ఈ మందు నరం చుట్టూ వాపు తగ్గిస్తుంది గానీ అరిగిన డిస్కును బాగుచెయ్యదు. నడుం నొప్పికి, వాచిన డిస్కులోకే నేరుగా స్టెరాయిడ్ ఇచ్చి ఫ్రాన్స్‌లో 135 మంది మీద చూశారు, 2017లో ఫలితాలొచ్చాయి. నెల తర్వాత నొప్పి బాగా తగ్గినవాళ్లు వందకి 55 మంది, స్టెరాయిడ్ ఇవ్వనివాళ్లలో 33. ఏడాది తిరిగేసరికి తేడా లేదు. అది చదివాక మూడోదాని మీద కోపం కాస్త తగ్గింది.

అసలు చేదు అనుభవం షుగర్‌తో. పరగడుపున 140 ఉండేది, మొదటి ఇంజెక్షన్ మర్నాడు 270 చూపించింది. మిషన్ పాడైందనుకుని పక్కింటివాళ్లది తెచ్చి చూశా, అదీ అంతే. దారికి రావడానికి పది రోజులు పట్టింది. స్టెరాయిడ్‌కి షుగర్ పెరుగుతుందని ఆ ఆస్పత్రిలో ఒక్కరూ చెప్పలేదు. రెండోసారి వేరే డాక్టరు ముందే షుగర్ మాత్రలు సరిచేశారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు అదీ ముందే చెప్పాలి. మొహం ఎర్రబడటం, రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం మూడుసార్లూ ఉన్నాయి.

ఆ ఐదు నెలల హాయిలో నేను చేసిన తప్పు, మళ్లీ బస్తాల జోలికి పోవడం. మూడోదాని తర్వాత 14 నెలలుగా పొద్దున్నే నడక, ఫిజియో నేర్పిన నాలుగు వ్యాయామాలు. నొప్పి పూర్తిగా పోలేదు, కొట్టుకి మాత్రం వెళ్లగలుగుతున్నాను. బస్తాలు మా అబ్బాయి దించుతాడు. నేను గల్లా పెట్టె దగ్గర, అదీ గంటకోసారి లేస్తూ.