ఆగిపోతున్న స్మార్ట్ టీవీకి ఏది మేలు: స్టెబిలైజరా, ఊళ్లో మెకానిక్కా, కంపెనీ బోర్డా, కొత్త టీవీనా?

రేపల్లె దగ్గర మా ఊళ్లో అమ్మ చూసే 43 అంగుళాల స్మార్ట్ టీవీ ఈ వేసవిలో ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. సీరియల్ మధ్యలో తెర నల్లబడుతుంది, కింద ఎర్ర లైటు వెలుగుతుంది, కాసేపటికి లోగో మళ్లీ వస్తుంది. ఒక్కోసారి అదీ రాదు. "ఒరేయ్ నాన్నా, దీనికేదో అయిందిరా, దానంతటదే ఆరిపోతోంది" అని ఫోన్. కొని ఆరేళ్లయింది, వారంటీ ఎప్పుడో తీరింది.

నాలుగు రోజుల్లో నాలుగు సలహాలు వచ్చాయి. పక్కింటి బాబాయ్ స్టెబిలైజర్ పెట్టించమన్నాడు. రేపల్లెలో మెకానిక్ విప్పి చూస్తానన్నాడు. కంపెనీకి ఫోన్ చేస్తే మనిషిని పంపుతామన్నారు. మా బావ అయితే "ఆరేళ్లు వాడారు, చాల్లే అత్తయ్యా, కొత్తది తీసుకోండి" అన్నాడు. నాలుగింట్లో ఏదీ పిచ్చి సలహా కాదు, ఒక్కోటి ఒక్కో జబ్బుకి మందు. జబ్బేంటో తేలకుండా మందు కొంటేనే డబ్బు దండగ.

అందుకే అమ్మకి ఒక పని అప్పజెప్పాను. గోడ క్యాలెండర్లో ఆ రోజు గడిలోనే టీవీ ఎప్పుడు పెట్టిందో, ఎప్పుడు ఆగిందో రాయమన్నాను. ఆగేటప్పుడు ఫ్యాను నెమ్మదించిందా, బల్బు డల్ అయిందా అన్నది కూడా. ఐదు రోజులు ఓపిగ్గా రాసింది. తిథి, వర్జ్యం పక్కన సన్నటి అక్షరాలతో "7.40 ఆగింది, ఫ్యాను నెమ్మది", "8.05 మళ్లీ", "పొద్దున బానే ఉంది". ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. తర్వాత ఎవరితో మాట్లాడినా ఆ ఫొటో చూసే మాట్లాడాను.

ముందుగా పైసా ఖర్చు లేని సంగతి. ఆగే సమయం గడియారం చూసుకున్నట్టు ప్రతిసారీ ఒకేలా ఉంటే టీవీలో చెడిందేమీ లేకపోవచ్చు. పడుకునే ముందు ఎవరో పెట్టిన స్లీప్ టైమర్ కావచ్చు. రిమోట్ ముట్టుకోకుండా గంటల తరబడి నడిస్తే తనంతట తాను ఆగేలా ఆటో పవర్ ఆఫ్ అనో, ఎనర్జీ సేవర్ అనో, ఐడిల్ టీవీ స్టాండ్‌బై అనో ఒక సెట్టింగ్ చాలా టీవీల్లో ఉంటుంది. సెట్‌టాప్ బాక్స్ ఆగగానే టీవీ కూడా ఆగుతుంటే అది హెచ్‌డీఎంఐ సీఈసీ అనే సెట్టింగ్ పని, ఒకటి ఆగితే వైరు ద్వారా రెండోదాన్నీ ఆపుతుంది. శాంసంగ్‌లో దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. రెండు రోజులు దాన్ని ఆపి చూడండి. రిమోట్‌లో పవర్ బటన్ లోపలికి నొక్కుకుపోయి తెలియకుండా సిగ్నల్ పంపుతూ ఉండొచ్చు, ఒక సాయంత్రం బ్యాటరీలు తీసేస్తే తేలిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచి ప్లగ్గు పీకి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టడం, టీవీ వెనక వదులైన వైరు గట్టిగా నొక్కడం, గుచ్చిన పెన్‌డ్రైవ్ తీసేయడం, ఇవన్నీ పది నిమిషాల పని. ఇవి చెయ్యకుండా మెకానిక్‌ని పిలవొద్దు.

మా అమ్మ టీవీకి ఇవేవీ కావు. పొద్దున ఎంతసేపు పెట్టినా నిక్షేపంగా నడుస్తోంది, సాయంత్రం ఏడు దాటాకే గొడవ. ఏడు దాటితే చెరువుల మీద నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతాయి, ఇళ్లలో ఏసీలు పడతాయి, ఫ్యాన్లు నీరసిస్తాయి. ఫ్రిజ్ స్టెబిలైజర్ మీద అంకె చూసి చెప్పమంటే 175 అంది. బాబాయ్ మాటే నిజమనిపించింది. స్టెబిలైజర్ కొని పెట్టించాం. రెండు వారాలు టీవీ ఒక్కసారీ ఆగలేదు. మూడో వారం మళ్లీ మొదలు.

ఈ రెండు వారాల సుఖం చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. టీవీ వెనక స్టిక్కర్ చదవండి, చాలావాటి మీద 100-240 వోల్టులు అని ఉంటుంది. మన ఇళ్లకి రావాల్సింది 230. లోపల కరెంటును టీవీకి సరిపడేలా మార్చే ఎస్‌ఎంపీఎస్, అంటే పవర్ బోర్డు, 175 ఏం ఖర్మ, 150 వచ్చినా నెట్టుకురావాలి. మరి 175కే ఎందుకు చేతులెత్తేసింది? ఆ బోర్డు మీద కెపాసిటర్లు ఉంటాయి, చిన్న డబ్బాల్లా. కరెంటు రెప్పపాటు సన్నగిల్లినా తమలో దాచుకున్నది ఇచ్చి బండి నడిపిస్తాయి. లోపలి ద్రవం ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతే ఆ నిల్వ తగ్గిపోతుంది. పూర్తి వోల్టేజీ ఉన్నంతసేపు లోటు బయటపడదు, కాస్త తగ్గిందంటే టీవీ కళ్లు మూస్తుంది. స్టెబిలైజర్ ఆ లోటును రెండు వారాలు కప్పిపుచ్చింది, అంతే.

అలాగని స్టెబిలైజర్ వద్దనను. మన ఊళ్లలో వోల్టేజీ తగ్గడం కన్నా పెరగడం ప్రమాదం. స్తంభం దగ్గర న్యూట్రల్ వైరు ఊడితే ఇంట్లోకి 230 బదులు 400 దాకా రావొచ్చు, ఆ ఒక్క దెబ్బకి వీధిలో ఎన్నో టీవీలు పోవచ్చు. హై వోల్టేజీకి సరఫరా తెంచేసే స్టెబిలైజర్ ఉంటే అప్పుడు టీవీ దక్కుతుంది. బాగున్న టీవీకి కాపలాగా దాన్ని పెట్టుకోండి. ఆగిపోయే టీవీకి అదొక్కటే వైద్యం అనుకుంటే జబ్బు లోపల ముదురుతుంది. ఇంకో మాట, టక్ టక్‌మని రిలేలు (వోల్టేజీని సర్దే స్విచ్‌లు) మారే చవక రకం అయితే ఆ మారే క్షణంలోనే నీరసించిన టీవీ ఆగిపోవచ్చు. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు వెనక స్విచ్ యూపీఎస్ వైపు ఉందో లేదో చూడండి. రెండో మోడ్‌లో బ్యాటరీకి మారడం ఆలస్యమవుతుంది, కరెంటు పోయిన ప్రతిసారీ టీవీ మళ్లీ మొదటి నుంచి లేస్తుంటే కారణం అదే కావొచ్చు.

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఇంట్లోనే చేయదగ్గ పరీక్షలు రెండు ఉన్నాయి. పిక్చర్ సెట్టింగ్స్‌లో బ్యాక్‌లైట్ (తెర వెనక నుంచి వచ్చే వెలుగు) 100 మీద ఉంటే 40కి దించండి. అమ్మ చేత చేయించాను, ఆ సాయంత్రం మూడు గంటలు ఏకధాటిగా నడిచింది. కరెంటు భారం తగ్గిస్తే నిలబడుతోందంటే లోపం పవర్ బోర్డులోనో, బ్యాక్‌లైట్‌లోనో ఉన్నట్టు. రెండోది, మాట వినిపిస్తూ బొమ్మ మాత్రం పోతే గదిలో లైటు ఆర్పి ఫోన్ టార్చి తెరకి దగ్గరగా పెట్టి ఏటవాలుగా చూడండి. మసకగా బొమ్మ కదులుతుంటే ప్యానెల్ (బొమ్మ చూపే తెర) బాగానే ఉంది, వెనక ఎల్‌ఈడీ పట్టీలు పోయాయి. సోనీ టీవీల్లో అయితే ఎర్ర లైటు ఎన్నిసార్లు మినుకుతుందో లెక్కపెట్టి చెప్పండి, లోపం ఎక్కడుందో ఆ లెక్కను బట్టి మెకానిక్‌కి ఆచూకీ దొరుకుతుంది. వెనక మూత మాత్రం ఎంత తెలిసినవాళ్లయినా ఇంట్లో విప్పొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులు దాటి నిల్వ ఉండొచ్చు.

ఇక అసలు పోటీ కంపెనీకీ, మెకానిక్‌కీ.

కంపెనీ మనిషి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. మూత విప్పకుండానే "పవర్ బోర్డండి, మార్చాలి" అన్నాడు. బోర్డుకి, పనికి కలిపి 6,500 అయ్యింది అంచనా. చూసిపోయినందుకు వేరే. బోర్డు మీద ఏ భాగం పోయిందో వెతకడం వాళ్ల పద్ధతిలో లేదు, పాతది తీసి కొత్తది బిగిస్తారు. దానికో సుఖం ఉంది. మీ మోడల్‌కి సరిపోయే అసలు బోర్డు వస్తుంది, మాకు దాని మీద మూడు నెలల హామీ ఇస్తామన్నారు, రిమోటూ యాప్‌లూ ఎప్పటిలా పనిచేస్తాయి. కానీ పాత మోడళ్లకి బోర్డు దొరకడం లేదన్న మాట కూడా వాళ్ల దగ్గరే వినాల్సి వస్తుంది.

రేపల్లె మెకానిక్ వీడియో కాల్ పెట్టి నాకు చూపిస్తూ విప్పాడు. ఆరేళ్ల దుమ్ము బ్రష్‌తో దులిపాడు. ఒక మూల ఎండిపోయిన బల్లి. "ఇవి బోర్డు మీద పడితే షార్టేనండి, అదృష్టం, అటు పోలేదు" అన్నాడు. తర్వాత వేలితో చూపించాడు. వరసగా ఐదు కెపాసిటర్లు, మూడింటి తలలు రూపాయి బిళ్లలా చదునుగా ఉన్నాయి, రెండింటివి పొంగిన పూరీలా ఉబ్బాయి. ఒకదాని అడుగున గోధుమ రంగు మరక. ఆ రెండూ, అనుమానానికి పెద్ద కెపాసిటరూ మార్చాడు. మొత్తం 900 తీసుకున్నాడు, సామాను ఖరీదు అందులో చిన్న భాగం. మిగిలింది అతని చేతిపనికి, దానికి నాకు బాధ లేదు.

ఆరేళ్ల టీవీకి, వారంటీ లేనప్పుడు, లోపం పవర్ బోర్డులో ఉన్నప్పుడు నా ఓటు మెకానిక్‌కే. అయితే ఎలాంటి మెకానిక్ అన్నది అడిగి తెలుసుకోవాలి. బోర్డు బాగుచేస్తారా, మార్చేస్తారా అని మొదటే అడగండి. "యూనివర్సల్ బోర్డు వేసేస్తానండి" అంటే ఆగండి, అది ఏ మోడల్‌కైనా బిగించే బోర్డు. తెర వెలుగుతుంది, కానీ మీ టీవీ స్మార్ట్ సంగతులు పోవచ్చు, రిమోట్ మారిపోతుంది, రంగులు తేడా రావొచ్చు. కెపాసిటర్లు 105 డిగ్రీల రకం వేయమనండి, 85 రకం చవక గానీ ఆ వేడికి త్వరగా ఎండుతుంది. తీసిన భాగాలు చేతికివ్వమనండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటి విడిభాగాలు దొరుకుతాయి, భాగం దొరకలేదని మెకానిక్ అంటే అక్కడ అడగమని చెప్పొచ్చు.

కంపెనీయే మేలైన సందర్భాలూ ఉన్నాయి. వారంటీ ఒక్క రోజు మిగిలినా బయటివాళ్ల చేత మూత విప్పించొద్దు, హక్కు పోతుంది. లోగో వచ్చి ఆగి, మళ్లీ లోగో వచ్చి ఆగి, అలా తిరుగుతూనే ఉంటే, ఫ్యాక్టరీ రీసెట్‌కీ లొంగకపోతే మెయిన్ బోర్డులో మెమరీ చిప్ చెడి ఉండొచ్చు. దానికి ఆ మోడల్ సాఫ్ట్‌వేర్ ఉండాలి, అది కంపెనీ దగ్గర సులువు. వారంటీలో ఉన్నా కంపెనీ మిమ్మల్ని తిప్పుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2022 డిసెంబరులో కేంద్రం తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్లో కొన్ని కంపెనీల సర్వీసు వివరాలు, విడిభాగాల సమాచారం ఉంటాయి, ముందే చూసుకుంటే మాట్లాడటం తేలిక.

ఎల్‌ఈడీ పట్టీలు పోతే లెక్క మారుతుంది. ప్యానెల్ గాజు ఎత్తి కిందవి మార్చాలి. ఆ గాజు పలచన, ఒక మూల వంగినా చీలుతుంది. 32, 43 అంగుళాలు చేయి తిరిగినవాళ్లు చేస్తారు. 55, అంతకు మించితే పగిలితే ఎవరిది నష్టమో ముందే మాట్లాడుకోండి. ఒక్క ఎల్‌ఈడీ మార్చి ఇస్తానంటే ఒప్పుకోకండి. ఒకటి పోయిందంటే మిగతావీ అంతే కాలం కాలినవే, సెట్ మొత్తం మార్చించండి.

బావ మాట ఎప్పుడు వినాలి? తెర మీద గీతలు పడి లోపం ప్యానెల్‌దేనని తేలితే, గాజు పగిలితే. ప్యానెల్ ఖరీదు కొత్త టీవీకి దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ బాగుచేయించడం డబ్బు పోగొట్టుకోవడమే. పట్టీలూ బోర్డూ రెండూ ఒకేసారి పోయినా అంతే. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, ఆ మేరకు కొత్తదాని వైపు తక్కెడ కాస్త మొగ్గింది. యాప్‌లు నెమ్మదించాయన్న ఒక్క కారణానికి మాత్రం తెర బాగున్న టీవీని పారేయకండి. హెచ్‌డీఎంఐలో ఒక స్ట్రీమింగ్ స్టిక్ గుచ్చితే సరిపోతుంది.

అమ్మ టీవీ బాగయ్యి రెండు నెలలైంది. స్టెబిలైజర్ తీయలేదు, న్యూట్రల్ భయానికి అలాగే ఉంచాం. క్యాలెండర్ గళ్లు ఖాళీ. మొన్న ఫోన్ చేసి "బొమ్మ కాస్త చీకటిగా ఉంది, వెలుగు పెంచుకోనా?" అని అడిగింది. 60 దాకా పెంచుకో అమ్మా, అది దాటకు అన్నాను. బ్యాక్‌లైట్ తక్కువలో నడిస్తే పట్టీలు ఎక్కువ కాలం వస్తాయి, తర్వాత పోయేవి అవే.