డ్రూపల్ మాడ్యూళ్లు: జిప్ ఫైలా, కంపోజరా, ప్రాజెక్ట్ బ్రౌజరా?

డ్రూపల్ వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్. దాని కోర్‌లో, అంటే అసలు భాగంలో, లేని సౌకర్యం ఒకటి కావలసి వచ్చింది. దానికి ఎవరో రాసిపెట్టిన మాడ్యూల్, అంటే అదనంగా తగిలించుకునే కోడు, ఉంది. సైటులోకి తేవడానికి దారులు మూడు: జిప్ ఫైలు దించుకుని మాడ్యూళ్ల ఫోల్డరులో పెట్టడం, పీహెచ్‌పీ కోడును కమాండ్‌తో తెచ్చిపెట్టే కంపోజర్ అనే సాధనంతో తెప్పించడం, డ్రూపల్ తెరమీదే మాడ్యూళ్లను చూపే ప్రాజెక్ట్ బ్రౌజర్‌లో బటన్ నొక్కడం. ఏది మేలని అడిగితే కంపోజరే అంటాను. మిగతా రెండింటికీ చోటు లేదని కాదు, కానీ అది చాలా చిన్న చోటు.

జిప్ పద్ధతి డ్రూపల్ 7 నాటి అలవాటు. సర్వర్‌లోకి ఫైళ్లు ఎక్కించే ఎఫ్‌టీపీ తెలిస్తే చాలు, పని అయిపోయేది. ఆ వెర్షన్‌కు 2025 జనవరి 5తో మద్దతు ఆగిపోయింది గానీ, అలవాటు మాత్రం పోలేదు. 2015 నవంబరులో వచ్చిన డ్రూపల్ 8 సింఫనీ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ భాగాల మీద కట్టినది. అప్పటినుంచి మాడ్యూళ్లు కూడా బయటి పీహెచ్‌పీ లైబ్రరీలను ధారాళంగా వాడుకోవడం మొదలుపెట్టాయి. అడ్రెస్ మాడ్యూలే చూడండి. ఏ దేశపు చిరునామాలో ఏ గడులుండాలి, పిన్‌కోడు ఎక్కడ రావాలి అనే సమాచారం ఆ మాడ్యూల్‌లో ఉండదు, అడ్రెసింగ్ అనే వేరే లైబ్రరీలో ఉంటుంది. జిప్ దించుకుంటే మాడ్యూల్ ఒక్కటే చేతికొస్తుంది. లైబ్రరీ లేకుండా అది పనిచేయదు. ఆ లైబ్రరీని వెతికి తెచ్చి పెట్టినా, దానికి ఇంకేం కావాలో మళ్లీ చూసుకోవాలి.

కంపోజర్ ఈ వెతుకులాటంతా తానే చేస్తుంది. శీర్షికను బట్టి పేజీ చిరునామా తయారుచేసే పాథాటో మాడ్యూల్ కావాలని ఒక్క ‘రిక్వైర్’ కమాండ్ ఇస్తే, దానికి అవసరమైన టోకెన్, సీటూల్స్ మాడ్యూళ్లు కూడా వెంట వచ్చేస్తాయి. అంతకన్నా విలువైనది లాక్ ఫైలు. ఏ మాడ్యూల్ సరిగ్గా ఏ వెర్షన్ వచ్చిందో అందులో రాసి ఉంటుంది. దాన్ని కోడు మార్పుల చరిత్రను దాచే గిట్‌లో పెట్టి, సర్వర్‌లో ‘కంపోజర్ ఇన్‌స్టాల్’ నడిపితే మీ కంప్యూటర్‌లో పరీక్షించిన వెర్షన్లే అక్కడా దిగుతాయి. కొందరు నేరుగా సర్వర్‌లోనే ‘కంపోజర్ అప్‌డేట్’ కొడతారు. ఎవరూ పరీక్షించని కోడును పాఠకుల మీద ప్రయోగించడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

మాడ్యూళ్ల భద్రతా ప్రకటనలు బుధవారాల్లో వస్తాయి, మనకు చాలాసార్లు రాత్రవుతుంది. 2014 అక్టోబరు 15న కోర్‌లో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం (డేటాబేస్‌లోకి దొంగ ఆదేశాలు చొప్పించనిచ్చేది) బయటపడినప్పుడు, ఏడు గంటల్లోపు సరిచేయని సైటు దాడికి గురైనట్టే భావించమని డ్రూపల్ భద్రతా బృందమే చెప్పింది. అలాంటి రాత్రి పదిహేను జిప్ ఫైళ్లలో ఏది ఏ వెర్షనో తేల్చుకుంటూ కూర్చోవడం ఎవరికీ ఇష్టముండదు.

కంపోజర్ మెమరీని మింగేస్తుందన్న ఫిర్యాదు పాతది. 2020 అక్టోబరులో వచ్చిన రెండో వెర్షన్‌తో అది చాలావరకు తీరింది. చవక హోస్టింగ్‌లో కమాండ్ లైన్ ఉండదన్నది మాత్రం నిజమైన ఇబ్బందే. అప్పుడు మీ కంప్యూటర్‌లోనే కంపోజర్ నడిపి, బయటి లైబ్రరీలుండే వెండార్ ఫోల్డరుతో సహా అంతా ఎక్కించండి. ఎక్కడానికి చాలాసేపు పడుతుంది, అంతే.

ప్రాజెక్ట్ బ్రౌజర్ 2025 జనవరి 15న విడుదలైన డ్రూపల్ సీఎంఎస్ అనే సిద్ధంగా సర్దిన కూర్పుతో కలిసే వస్తోంది. చూడముచ్చటగా ఉంటుంది: బొమ్మ, వివరణ, ఇన్‌స్టాల్ బటన్. తెర వెనక నడిచేది కంపోజరే. అయితే బటన్ పనిచేయాలంటే వెబ్ సర్వర్ తన కోడును తానే మార్చుకునే అనుమతి ఉండాలి, పైగా ఆ మార్పు గిట్‌కు తెలియదు. కొత్త మాడ్యూళ్లను సొంత కంప్యూటర్‌లో వేసి చూడటానికి మంచి సాధనం. నడుస్తున్న సైటులో వద్దు.

అన్నిటికన్నా చెడ్డది కలగాపులగం. కంపోజర్‌తో నడిచే సైటులో ఒక్క మాడ్యూల్‌ను చేత్తో పెడితే, దాని ఉనికి కంపోజర్‌కు తెలియదు. అది కొత్త కోర్‌తో పొసగకపోయినా హెచ్చరించదు.

సెట్టింగుల దగ్గరా ఇలాంటి ఎంపికే ఉంది: నడుస్తున్న సైటులో నేరుగా మార్చడమా, ఫైళ్లుగా ఎగుమతి చేసి పంపడమా? తెలుగు పత్రిక సైటుకు పాథాటో పెట్టారనుకోండి. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. లింకును కాపీ చేసినప్పుడు ఒక్కో బైటు మూడు గుర్తులుగా మారడం మామూలే. ‘తెలుగు’ అన్న ఒక్క మాటే 54 గుర్తులవుతుంది. వద్దనుకుంటే లిప్యంతరీకరణ గడిలో టిక్కు పెట్టి చిరునామాను రోమన్ లిపిలోకి మార్చుకోవచ్చు. ఏది ఎంచుకున్నా, ఆ నిర్ణయం వేల వ్యాసాల చిరునామాలను శాసిస్తుంది. అందుకే దాన్ని మీ దగ్గర మార్చి, డ్రష్ అనే డ్రూపల్ కమాండ్ సాధనంతో ఎగుమతి చేసి, సెట్టింగులు రాసి ఉండే యామల్ ఫైలులో ఏం మారిందో కళ్లారా చూసి, అప్పుడు సర్వర్‌లోకి దిగుమతి చేయడం మేలు.

ఈ పద్ధతికీ ఒక ముల్లుంది. నడుస్తున్న సైటులో ఎవరైనా మార్చిన సెట్టింగు, తర్వాతి దిగుమతితో చెప్పాపెట్టకుండా పోతుంది. వెబ్‌ఫారమ్ మాడ్యూల్ వాడేవారికి ఇది మరీ బాధ. సంపాదకులు అక్కడే తయారుచేసిన ఫారం కూడా డ్రూపల్ లెక్కలో ఒక సెట్టింగే. ఎగుమతి ఫైళ్లలో లేదు కాబట్టి దిగుమతిలో తుడిచేస్తుంది. కాన్ఫిగ్ ఇగ్నోర్ మాడ్యూల్‌లో వాటికి మినహాయింపు రాసుకోవాలి. ఏపీఐ తాళాలను (బయటి సేవలు వాడుకోవడానికిచ్చే రహస్య సంకేతాలను) మాత్రం ఎగుమతిలోకి రానివ్వకండి, అవి ఆ సర్వర్‌లోని సెట్టింగుల పీహెచ్‌పీ ఫైలులోనే ఉండాలి.

మాడ్యూల్‌ను తీసేసేటప్పుడు అన్‌ఇన్‌స్టాల్, కోడు తొలగింపు అనే రెండు పనుల వరుస తప్పకూడదు. ముందు డ్రూపల్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేసి, సెట్టింగులు ఎగుమతి చేసి, సర్వర్‌కు పంపాలి. అక్కడా అన్‌ఇన్‌స్టాల్ అయిందని చూసుకున్నాకే, తర్వాతి విడతలో ‘కంపోజర్ రిమూవ్’. రెండూ ఒకే విడతలో పంపితే, సర్వర్‌లో డేటాబేస్ ఆ మాడ్యూల్ ఉందనే అనుకుంటుంది, ఫోల్డరులో అది ఉండదు.