ఊదారంగు మూత గొట్టంలో 62,000: ఒక ‘ఇమ్యూనిటీ ప్యాకేజీ’పై సమీక్ష

అమెరికాలో ఉన్న మా అబ్బాయి, మా పెళ్లిరోజు కానుకగా, ఇంటికే వచ్చి రక్తం తీసుకువెళ్లే ఒక పెద్ద డయాగ్నొస్టిక్ సంస్థలో మా దంపతులిద్దరికీ ‘ఇమ్యూనిటీ ప్యాకేజీ’ కొన్నాడు. రూ. 9,999 విలువ గల 78 పరీక్షలను 75 శాతం తగ్గింపుతో మనిషికి రూ. 2,499కే చేస్తామని, మన రోగనిరోధక శక్తి ఎంత ఉందో నూటికి ఇన్ని మార్కులని తేల్చి చెబుతామని ఆ సంస్థ ప్రకటన. ఈ సమీక్ష రాయడంలో నా ఉద్దేశం ఎవరినో బజారుకు ఈడ్చడం కాదు కనుక సంస్థ పేరు రాయడం లేదు. ఇటువంటి ప్యాకేజీలు ఇప్పుడు చాలా సంస్థలు అమ్ముతున్నాయి కాబట్టి, కొనబోయేవారికి ఇందులో ఏది పనికివచ్చిందో, ఏది మమ్మల్ని రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదో చెప్పడమే నా పని.

ముందుగా మంచి సంగతులు. ఉదయం ఆరున్నరకు వస్తామన్నవారు ఆరు ఇరవై అయిదుకే వచ్చారు. వచ్చిన కుర్రవాడు చేతులు కడుక్కుని, కొత్త గ్లవుజులు తొడుక్కుని, సూది ప్యాకెట్టు మా కళ్లముందే విప్పాడు. రబ్బరు పట్టీని నిమిషం దాటకుండా వదులు చేశాడు. మా ఆవిడకు నరం దొరకడం ఎప్పుడూ కష్టమే, అయినా ఒక్క పోటుతోనే పని ముగించాడు. పసుపు మూత గొట్టం ముందు, ఊదారంగు మూతది తరువాత, బూడిదరంగు మూతది చివర నింపడం చూసి, ఈ వరుసకు కారణం ఉందా అని అడిగాను. ఉందన్నాడు. ఊదారంగు గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే పొటాషియం లవణం ఉంటుంది, అది రక్తంలోని కాల్షియంను పట్టేసుకుంటుంది. ఆ లవణం సూది ద్వారా పసుపు మూత గొట్టంలోకి ఏ కాస్త చేరినా పొటాషియం లేనిపోనిది ఎక్కువగా, కాల్షియం తక్కువగా కనబడతాయి. బూడిదరంగు దానిలో ఉండే ఫ్లోరైడ్, రక్తకణాలు గొట్టంలో ఉండగానే చక్కెరను తినేయకుండా ఆపుతుంది. ఫ్లోరైడ్ లేకపోతే గంట గంటకూ చక్కెర కొలత తగ్గిపోతూ ఉంటుంది. ఇంత తెలిసిన మనిషిని ఇంటికి పంపినందుకు ఆ సంస్థకు పూర్తి మార్కులు వేయవలసిందే. పేర్ల చీటీలు కూడా మా ఎదుటే అంటించి, పేరు, వయసు మమ్మల్ని చెప్పమని సరిచూసుకున్నాడు.

రాత్రి తొమ్మిదింటికి రిపోర్టులు ఫోనుకు వచ్చాయి. మా ఆవిడ రిపోర్టులో ప్లేట్‌లెట్లు 62,000 అని ఎర్ర అక్షరాలతో ఉంది. మామూలుగా 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ఉండాలి. తెల్లకణాలు 11,800, దాని పక్కన పైకి చూపే ఎర్ర బాణం. అట్ట మీద ‘మీ ఇమ్యూనిటీ స్కోరు 41’ అని ఒక గడియారం బొమ్మ, దాని ముల్లు ఎరుపు వైపు. ఆవిడకు జ్వరం లేదు, ఒంటి మీద మచ్చలు లేవు, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తమూ రావడం లేదు. ఆ సాయంత్రమే గారెలకు పప్పు నానబోసింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్న మాట మన ఊళ్లలో ఎంత భయం పుట్టిస్తుందో, డెంగీ రోజుల్లో ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఎవరికైనా తెలుసు. అరగంటలో వదినగారు బొప్పాయి ఆకు రసం చేసే విధానం ఫోనులో చెప్పడం మొదలుపెట్టారు, అబ్బాయి అక్కడి నుంచి విమానం టిక్కెట్లు వెదకడం మొదలుపెట్టాడు.

ప్యాకేజీలో ఉచితంగా ఇచ్చే డాక్టరు సలహా కోసం మరునాడు ఉదయం ఫోను చేస్తే, అవతలి వ్యక్తి రెండు నిమిషాలలో ముగించి, డెంగీ ప్యానెల్ చేయించుకోమని చెప్పాడు. ఆ వెంటనే ఆ ప్యానెల్ మీద తగ్గింపు ఉందని సంస్థ నుంచి సందేశం కూడా వచ్చింది. డెంగీ కనిపెట్టే ఎన్‌ఎస్1 పరీక్ష వ్యాధి మొదటి కొద్ది రోజుల్లో, అంటే వైరస్ ప్రొటీను రక్తంలో తిరుగుతున్నప్పుడు పనికివస్తుంది, ఐజీఎమ్ యాంటీబాడీలు (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రొటీనులు) నాలుగైదు రోజుల తరువాత కనబడతాయి. జ్వరమే రాని మనిషికి వీటిలో ఏది, ఏ రోజున చేయాలో ఆయన చెప్పలేదు, నేను అడిగేలోపే ఫోను పెట్టేశాడు.

మా కుటుంబ వైద్యుడు మాత్రం రిపోర్టు చూసి, ఆవిడను చూసి, “ఈ రెండూ ఒకే మనిషివి కావండీ” అన్నారు. ఆయన మమ్మల్ని పంపిన పేట ల్యాబు ఒక మేడ కింద రెండు గదులది. అక్కడి పెథాలజిస్టు ఒక పెద్దావిడ. మళ్లీ రక్తం తీయించి, ఒక చుక్కను గాజు పలక మీద పలుచగా పులిమి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఆ తరువాత నన్ను కూడా పిలిచి చూడమన్నారు. పూత అంచున ఊదారంగు ధూళి కణాలు గుంపులు గుంపులుగా, జాతరలో తప్పిపోతామని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నట్టు, అంటుకుని ఉన్నాయి. అవే ప్లేట్‌లెట్లట. కొందరి రక్తంలో ఒక రకం యాంటీబాడీ ఉంటుందని, ఈడీటీఏ కాల్షియంను లాగేసినప్పుడు ప్లేట్‌లెట్ పైపొరలో మామూలుగా దాగి ఉండే ఒక భాగం బయటపడుతుందని, ఈ యాంటీబాడీ దానికి అతుక్కుని కణాలను ఒకచోట పోగుచేస్తుందని ఆవిడ వివరించారు. శరీరంలో ఇది జరగదు, గొట్టంలోనే, అదీ రక్తం చల్లబడినకొద్దీ జరుగుతుంది. సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఇలా ఉంటుందట. దీనికి చికిత్స లేదు, ఎందుకంటే ఇది జబ్బు కాదు.

యంత్రం ఎందుకు మోసపోయిందో కూడా ఇక్కడే చెప్పాలి. వాలెస్ కౌల్టర్ అనే అమెరికన్ ఇంజనీరు 1953లో పేటెంటు పొందిన పద్ధతి ప్రకారం, రక్తాన్ని ఒక ద్రవంలో కలిపి సన్నని రంధ్రం గుండా పంపితే, ఒక్కొక్క కణం దాటినప్పుడల్లా విద్యుత్ ప్రవాహానికి అడ్డు తగులుతుంది. ఆ అడ్డు ఎన్నిసార్లు వచ్చిందో అదే సంఖ్య, ఎంత పెద్దదో అదే కణం పరిమాణం. నేటికీ చాలా ల్యాబుల్లో ప్లేట్‌లెట్ల లెక్క ఈ సూత్రం మీదే నడుస్తుంది. ఇరవై ప్లేట్‌లెట్లు ముద్దగా వస్తే యంత్రానికి అది ఒక్క ప్లేట్‌లెట్ కూడా కాదు. ముద్ద పెద్దదైతే తెల్లకణంగా లెక్కవేస్తుంది. మా ఆవిడకు ఒకటి తగ్గి మరొకటి పెరగడం వెనుక కథ అదే. ఈడీటీఏకు బదులు సిట్రేట్ అనే లవణం ఉండే లేత నీలం మూత గొట్టంలో తీసిన రక్తంలో ప్లేట్‌లెట్లు 1,93,000 వచ్చాయి. ఆ గొట్టంలో తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ ద్రవం ఉంటుంది కనుక 1.1తో గుణిస్తారు, అంటే 2.12 లక్షలు. తెల్లకణాలు కూడా మామూలు స్థాయికి దిగాయి. ప్లేట్‌లెట్లు ముద్ద కట్టాయేమోనని అనుమానం వస్తే ఈ కాలపు యంత్రాలు తామే హెచ్చరిక ఇస్తాయనీ, అటువంటప్పుడు పలక మీద చూడకుండా రిపోర్టు పంపరాదనీ ఆ పెద్దావిడ చెప్పారు. రోజుకు వేల గొట్టాలు వచ్చే చోట ఆ హెచ్చరిక ఎవరి కంటా పడలేదో, పడినా తీరిక లేదో.

రోగనిరోధక శక్తిని కొలుస్తామని అమ్మిన ప్యాకేజీలో నిజంగా కంటపడిన ఒకే ఒక్క రోగనిరోధక విశేషం ఈ యాంటీబాడీ. దానినే వారు గుర్తించలేదు.

ఇక ఆ ‘స్కోరు’ సంగతి. రోగనిరోధక శక్తి రక్తపోటులా ఒక అంకెలో ఇమిడేది కాదు. తెల్లకణాలు, వాటిలోనే రకాలైన టి కణాలు, బి కణాలు, ఆ పైన యాంటీబాడీలు ఒక్కొక్కటి ఒక్కొక్క పని చేస్తాయి. మాటిమాటికీ తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వచ్చేవారికి ఐజీజీ, ఐజీఏ, ఐజీఎమ్ అనే యాంటీబాడీల కొలతలు, హెచ్‌ఐవీ ఉన్నవారికి సీడీ4 అనే రకం టి కణాల లెక్క అవసరమవుతాయి, వాటిని వైద్యుడు కారణం చూసి రాస్తాడు. ఈ ప్యాకేజీలో అవేవీ లేవు. ఉన్నవి విటమిన్ డి, సీఆర్‌పీ అనే ప్రొటీను, ఐజీఈ అనే మరో రకం యాంటీబాడీ మొత్తం. సీఆర్‌పీని 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో న్యుమోనియా రోగుల రక్తంలో కనుగొన్నారు. అది ఒంట్లో ఎక్కడో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉందని చెబుతుంది తప్ప, శక్తి ఎంతో చెప్పదు. ఐజీఈ అలర్జీ ఉన్నవారిలోనూ, కడుపులో పురుగులు ఉన్నవారిలోనూ పెరుగుతుంది. చలికాలంలో దుమ్ముకు తుమ్ములు వచ్చే నాకు అది ఎక్కువగానే ఉంది, అందుకు నా స్కోరులో ఎన్ని మార్కులు కోశారో, ఏ లెక్కన కోశారో రిపోర్టులో ఎక్కడా లేదు.

78 అనే అంకె కూడా కాస్త విప్పి చూడదగినదే. కంప్లీట్ బ్లడ్ పిక్చర్ అని మనం ఏనాటి నుంచో చేయించుకుంటున్న ఒకే పరీక్షను ఇందులో 24గా లెక్కవేశారు. వాటిలో హెమటోక్రిట్, ఎంసీహెచ్, ఎంసీహెచ్‌సీ వంటివి యంత్రం కొలిచేవి కావు, కొలిచిన వాటి నుంచి గుణకారాలు, భాగహారాలు చేసి రాసేవి. కొలెస్టరాల్ పట్టికలో ఎల్‌డీఎల్‌ను ఫ్రీడ్‌వాల్డ్ 1972లో ఇచ్చిన సూత్రంతో, అంటే మొత్తం కొలెస్టరాల్ నుంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో అయిదోవంతును తీసివేసి రాబట్టారు. ఆ పైన మూడు నిష్పత్తులు. ప్రతిదీ ఒక పరీక్షే! ఈ లెక్కన కిరాణా కొట్టువాడు బిల్లులోని మొత్తాన్ని కూడా ఒక సరుకుగా అమ్ముకోవచ్చు.

అంకెలు పెరిగిన కొద్దీ ఎర్ర బాణాలూ పెరుగుతాయి. నార్మల్ రేంజి అంటే సాధారణంగా ఆరోగ్యవంతులలో నడిమి 95 శాతం మంది ఉండే పరిధి. అంటే ఏ జబ్బూ లేని నూరు మందిలో అయిదుగురు ప్రతి పరీక్షలోనూ ఆ గీత బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒక ఎర్ర బాణం వచ్చే అవకాశం 64 శాతం. ఈ ప్యాకేజీలోని పరీక్షలు ఒకదానితో ఒకటి ముడిపడినవే కనుక లెక్క అంత కచ్చితంగా వర్తించదు కానీ, నా రిపోర్టులో అయిదు బాణాలు చూసి నేను ఆశ్చర్యపోకపోవడానికి ఈ లెక్కే కారణం.

ఆ అయిదింటిలో ఒకటి మాత్రం నిజంగా నాకు మేలు చేసింది, దానిని దాచడం న్యాయం కాదు. నా బి12 బాగా తక్కువగా ఉంది, ఎర్రకణాల సగటు పరిమాణం కాస్త పెరిగింది. పదేళ్లుగా చక్కెరకు మెట్‌ఫార్మిన్ వాడుతున్న శాకాహారిని నేను. ఆ మందు బి12ను తగ్గిస్తుందని మా వైద్యుడు చెప్పి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ప్యాకేజీ వెంట వచ్చిన ‘పోషకాహార సలహా’ మాత్రం ఫోలిక్ ఆమ్లం మాత్రలు వేసుకోమంది. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే కనుక ఆ మాత్ర మీద నాకు గౌరవమే. అయితే బి12 లోపం ఉన్నవారు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వేసుకుంటే రక్తహీనత సర్దుకున్నట్టు కనబడుతూనే నరాలు దెబ్బతినడం లోపల సాగుతూ ఉంటుంది. బి12 అంకె, ఈ సలహా ఒకే రిపోర్టులో ఎదురెదురు పుటల్లో ఉన్నాయి.

కనుక నా తీర్పు ఇది. ఇంటికి వచ్చి రక్తం తీసే సేవకు అయిదుకు అయిదు. పరీక్షల నాణ్యతకు, అంకెలు పంపడమే తప్ప వాటిని చూసే కన్ను లేనందుకు, అయిదుకు రెండు. ఇమ్యూనిటీ స్కోరుకు సున్నా. వైద్యుడు రాసిచ్చిన చీటీ మీది నాలుగు పరీక్షలను ఇంటి నుంచే ఇవ్వదలచిన పెద్దవారికి ఈ సంస్థను చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. ప్యాకేజీ కానుకగా పంపాలనుకునే పిల్లలు మాత్రం ఆ సొమ్ము టిక్కెట్టు ఖర్చులో కలుపుకోవచ్చు.

ఫిర్యాదు చేస్తే సంస్థవారు మర్యాదగానే స్పందించి, ఉచితంగా మళ్లీ శాంపిల్ తీస్తామన్నారు. ఈసారి నీలం మూత గొట్టం తెప్పించండి అని అడిగితే, ఫోనులోని అమ్మాయి ఎవరినో కనుక్కుని వచ్చి, “సార్, ప్లేట్‌లెట్లకు మా దగ్గర ఊదారంగుదే వాడతారండీ” అని చెప్పింది. పేట ల్యాబు పెద్దావిడ రాసిచ్చిన చీటీ, ‘ఈడీటీఏలో ప్లేట్‌లెట్లు గుంపు కడతాయి, సిట్రేట్ గొట్టంలో చూడాలి’ అని రెండు వరుసలలో, ఇప్పుడు మా ఆవిడ పర్సులో ఆధార్ కార్డు వెనకాల ఉంది.